లెన్సు మూతలు పన్నెండు

"ఇక నుంచి ప్రభుత్వం చేసే ప్రతి పనీ ప్రజలకు కనబడి తీరాలి!" అని ప్రజాదర్శన శాఖ మంత్రి రామాంజనేయులుగారు ప్రకటించారు. హైటెక్ సిటీలో శాఖవారు కిరాయికి తీసుకున్న అద్దాల మేడలో, ఆరో అంతస్తులో ఈ ప్రకటన జరిగింది. చప్పట్లు కూడా జరిగాయి. ఆ పనులేమిటో చెబుతారా అని ఒక విలేకరి అడిగాడు. మంత్రిగారు నవ్వి, "ముందు కనపడేదానికి ఏర్పాటు చేస్తాండామప్పా. పని యాడికి పోతాది?" అన్నారు. దూరదృష్టి ఉన్నవాళ్లను దగ్గరివి అడగడం మన విలేకరులకు అలవాటైపోయింది.

వెనకాల టీ కప్పులు ఏరుతున్న సరిత కూడా రెండు చప్పట్లు కొట్టింది. చేతిలో ట్రే ఉంది కాబట్టి రెండే. ఆ మేడలో ఆమె హౌస్‌కీపింగ్ చేస్తుంది. రోజూ పొద్దున బోరబండలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి, చంకలో రెండున్నరేళ్ల వర్షితతో హైటెక్ సిటీ స్టేషన్లో దిగి, పిల్లను కింది అంతస్తులోని పిల్లల గదిలో వదిలి, చీపురు పట్టుకుంటుంది. మొగుడు పొద్దంతా బండి మీద పార్సిళ్లు పంచుతాడు. అత్త తెల్లాపూర్‌లో నాలుగిళ్లకు వంట చేస్తుంది. పగటిపూట ఆ పిల్లకు ఆ గది తప్ప వేరే నీడ లేదు.

ఆ గదిలో నాగమణి అనే ఆయమ్మ ఉంటుంది. ఎనిమిది మంది పిల్లలు, తిరగని ఫ్యాను ఒకటి, డప్పు కొట్టని ఎలుగుబంటి బొమ్మ ఒకటి ఉంటాయి. ఫ్యాను బాగు చేయించమని పెట్టిన అర్జీ తొమ్మిది నెలలుగా పైకి పోతూనే ఉంది. ఆరో అంతస్తుకు లిఫ్టులో పోతే అర నిమిషం. కాగితం మెట్లెక్కి పోతున్నట్టుంది. ఎలుగుబంటికి రెండు సెల్లులు కావాలని పెట్టిన అర్జీ మాత్రం చప్పున తిరిగొచ్చింది. 'ఏ సైజు సెల్లులో తెలుపలేదు' అని దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది.

మంత్రిగారి ప్రకటనకు ఒక స్టూడియో కావాల్సి వచ్చింది. స్టూడియోకు కిటికీలు లేని గది కావాల్సి వచ్చింది. మేడ మొత్తంలో కిటికీలు లేని గది ఒక్కటే. దాన్ని పిల్లలకు ఇచ్చింది అందుకే.

శాఖ డైరెక్టరు ఉదయ్ భాస్కర్‌గారు స్వయంగా దిగి వచ్చారు. మర్యాదస్తుడు. ఎవర్ని వెళ్లగొట్టినా 'అండి' అనకుండా వెళ్లగొట్టరు.

"సోమవారానికి ఖాళీ చెయ్యాలండి. ఎవరూ కంగారు పడొద్దు. మొట్టమొదటి లైవ్ ప్రోగ్రాం పిల్లల సంక్షేమం మీదే. అదీ ఈ గదిలోంచే వస్తుందండి."

"మరి పిల్లలు ఏడుంటరు సార్?" అంది సరిత.

"ప్రోగ్రాంలో ఉంటారమ్మా."

సోమవారం గది ఖాళీ అయింది. కొందరు తల్లులు పని మానేశారు. మిగిలినవాళ్లు పిల్లల్ని మెట్ల కింద నాగమణి దగ్గర కూర్చోబెట్టారు. మూడోరోజు సెక్యూరిటీవాళ్లు మెట్ల కింద పిల్లలుంటే ఫైర్ సేఫ్టీ ఒప్పుకోదన్నారు. అప్పట్నుంచి సరిత వర్షితను మూడో అంతస్తులో చీపుళ్లు పెట్టే అరలో, బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టి, చేతికి మూగ ఎలుగుబంటినిచ్చి, తలుపు సగం మూసి పోయేది. పది నిమిషాలకోసారి ఉరికొచ్చేది. ఫినాయిలు సీసా మూత బిగించిందా, లేదా? బిగించినట్టే గుర్తు. కానీ నిన్న బిగించింది గుర్తుండి ఇవ్వాళ బిగించానని అనుకుంటోందేమో! మళ్లీ ఉరికేది. ఒకే రోజు అదే మూతను పద్నాలుగుసార్లు బిగించింది. అయినా ఇంటికి పోయాక పిల్ల నోరు వాసన చూసేది.

ఇక కెమెరాలు ఎంచే కమిటీ సంగతి. ఐదుగురు పెద్దలు. కెమెరా సంగతి తెలియనివాళ్లే కమిటీలో ఉండాలని డైరెక్టరుగారి పట్టుదల. తెలిసినవాళ్లుంటే పక్షపాతం వస్తుందట. సలహాకు మాత్రం రసజ్ఞ అనే కన్సల్టెంటును పెట్టుకున్నారు. ఆ అమ్మాయి మెళ్లో రెండు ఐడీ కార్డులుంటాయి.

"సార్, బేసిక్‌గా స్టూడియో సెటప్ వేరు, లైవ్ ఈవెంట్ సెటప్ వేరు. స్టూడియోలో లైటింగ్ మన కంట్రోల్‌లో ఉంటుంది. బయట ఉండదు. ముందు మన యూజ్ కేస్ డిఫైన్ చేసుకోవాలి" అంది రసజ్ఞ.

"అదంతా మినిట్స్‌లో రాసుకోండి. ఇందులో ఏది బరువెక్కువండి?" అన్నారు డైరెక్టరుగారు.

"బరువుతో సంబంధం లేదు సార్."

"పక్క శాఖవాళ్లది ఆరు కేజీలండి. మనది తగ్గితే సార్ ఊరుకోరు."

మూడు కంపెనీలు మూడు కెమెరాలు తెచ్చాయి. పరీక్షకు మంత్రిగారి కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి. కూర్చుంటే ఆయన ఎత్తుండాలి, ఆయన రంగుండాలి. కమిటీవారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంత్రిగారి రంగు తనదేనని చెప్పుకోవడానికి ఎవరూ సాహసించలేదు. అప్పుడు నేల తుడుస్తున్న సరిత తలెత్తింది.

"పర్ఫెక్ట్ స్కిన్ టోన్!" అంది రసజ్ఞ.

"కూసుంట మేడం. మా పోరిని గా మూలకు కూసోబెట్టుకుంటనంటే కూసుంట" అంది సరిత. కమిటీ చర్చించి, మూల ఫ్రేములోకి రాదు కాబట్టి అభ్యంతరం లేదని తీర్మానించింది. అట్లా ఆ ఎనిమిది మందిలో ముందుగా తన గదికి తిరిగొచ్చింది వర్షిత.

మొదటి కెమెరాలో సరిత సరితలాగే కనబడింది. పిల్లకు జలుబు చేసి మూడు రాత్రులుగా కునుకు లేదు. కళ్ల కింద నలుపు, నుదుటి మీద చెమట, అన్నీ ఉన్నాయి.

"ఇది ఉన్నది ఉన్నట్టు చూపిస్తోందండి!" అని డైరెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. 'నాణ్యత లోపం' అని రాశారు.

రెండో కెమెరాలో సరిత పెళ్లికూతురిలా ఉంది. కళ్ల కింద నలుపు లేదు. కాస్త ముక్కు కూడా లేదు. "ఇదీ టెక్నాలజీ అంటే!" అన్నారు.

మూడో కెమెరాలో అంతా నలుపు. కమిటీవారు పది నిమిషాలు తదేకంగా చూశారు. "ప్రశాంతంగా ఉందండి" అన్నారొకరు. "ఎక్కడా మచ్చ లేదు" అన్నారింకొకరు. మార్కులు వెయ్యబోతుంటే, కెమెరామన్ శేఖర్ దగ్గి, "సార్, మూత తియ్యలే" అన్నాడు.

డైరెక్టరుగారు జాబితా ముందుకు లాక్కుని, "మూత ఇంత ముఖ్యమైన పరికరమని మనకెవరూ చెప్పలేదేంటండి? ఒకటి పోతే ఏం చేస్తాం? పన్నెండు రాయండి" అన్నారు. మేధావులు తప్పులోంచి నేర్చుకుంటారు. రెండో కెమెరా ఏకగ్రీవంగా ఎంపికైంది. బరువు ఏడున్నర కేజీలు.

కెమెరాలు వచ్చినరోజే గదికి రెండు ఏసీలు వచ్చాయి. కెమెరాకు ఉక్కపోయకూడదట.

లైవ్ ఈవెంట్లకని క్రేన్ లాంటి ఒక పొడుగాటి చెయ్యి కూడా కొన్నారు. దాన్ని జిబ్ అంటారు. చివర కెమెరా కడితే, జనం మీదుగా గద్దలా తిరుగుతూ తీస్తుంది. దాన్ని పరీక్షించడానికి ఈవెంటు కావాలి. శాఖ తరఫున ఏ పనీ జరగడం లేదు కాబట్టి ఈవెంటు లేదు. అందుకని పరికరాలు ఎంచినందుకు కమిటీకే లాబీలో సన్మానం పెట్టారు. జనంగా పదకొండు మంది హౌస్‌కీపింగ్‌వాళ్లను నిలబెట్టారు. జిబ్ గద్దలా తిరిగి డైరెక్టరుగారి మెడలోని దండ ఎత్తుకుపోయింది. పరీక్ష విజయవంతమైంది. ఆ తర్వాత దాన్ని పెట్టడానికి చోటు లేక తెచ్చి పిల్లల గదిలో పెట్టారు.

మొదటి ప్రోగ్రాం పేరు 'పనికెళ్లే అమ్మకు ప్రభుత్వం తోడు'. అందులో ఒక మంచి పిల్లల గదిని చూపించాలంది రసజ్ఞ. శాఖవారు తమ పరిధిలో ఎక్కడుందో వెతికించారు. మొన్నటిదాకా ఒకటుండేదని, స్టూడియో కోసం తీసేశామని ఫైల్లో తేలింది. అందుకని స్టూడియోలో పిల్లల గది సెట్టు వేశారు.

సెట్టంటే అట్లాంటిట్లాంటి సెట్టు కాదు. గోడల మీద కుందేళ్లు, నేల మీద మెత్తటి చాపలు. పూటకు పాలు, అరటిపండ్లు. నాగమణికి ఆకుపచ్చ చీర యూనిఫాం. "ఒరిజినల్ పిల్లలైతే ఖర్చు తక్కువ" అని ఆ ఎనిమిది మందినీ వెనక్కి పిలిచారు. జిబ్ ఖాళీగా ఉండటం చూసి నాగమణి దాని చివర చీర కట్టి ఉయ్యాల చేసింది. శేఖర్ అడ్డు చెప్పలేదు. తన పుస్తకంలో 'జిబ్ లోడ్ టెస్ట్, పన్నెండు కేజీలు, తృప్తికరం' అని రాసుకున్నాడు.

"ఇరవై ఏండ్ల సంది ఆయమ్మ పని చేస్తున్న. గిసువంటి పిల్లల గది నేనేడ చూడలే" అంది నాగమణి, ఏసీ గాలికి చీర చెంగు కప్పుకుంటూ.

మంత్రిగారికి తీరిక దొరకలేదు. అందుకని రోజూ రిహార్సల్. రోజూ రిహార్సల్ అంటే రోజూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా పిల్లల గది. పదకొండు రోజులు అట్లాగే నడిచింది. సరిత మంత్రిగారి కుర్చీలో కూర్చుని, కాలరు మైకు పెట్టుకుని, ఎదురుగా ప్రాంప్టర్ అద్దం మీద పైకి పాకే అక్షరాలు చదివేది. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసింది గానీ చదువు మరిచిపోలేదు. ప్రసంగం ఇంకా పేషీలో తయారవుతోంది. రసజ్ఞ లాప్‌టాప్‌లో తెలుగులో ఉన్నదొక్కటే కాగితం, కమిటీ ఆమోదించిన పరికరాల జాబితా. దాన్నే పెట్టింది. 'ట్రైపాడ్లు మూడు. లైటు స్టాండ్లు ఎనిమిది. నల్లగుడ్డ నలభై గజాలు. కాలరు మైకులు రెండు. లెన్సు మూతలు పన్నెండు.' రోజుకు ముప్పైసార్లు చదివేసరికి సరితకు నోటికొచ్చేసింది. వర్షిత కూడా అన్నం తింటూ "మూతయ్ పన్నెందు" అనడం మొదలుపెట్టింది.

పన్నెండోరోజు డైరెక్టరుగారు సంతోషంగా వచ్చారు. "రేపు సార్ వస్తున్నారండి. లైవ్ అయిపోగానే ఇదంతా పీకించెయ్యండి. ఎల్లుండి మత్స్య సంపద మీద ప్రోగ్రాం. ఇక్కడ సముద్రం వెయ్యాలి."

"పిల్లలు సార్?"

"సముద్రంలో పిల్లలెందుకమ్మా, ప్రమాదం" అన్నారాయన, ఎంతో బాధ్యతగా.

మర్నాడు పొద్దున సరిత మామూలుగా కుర్చీలో కూర్చుంది. లైట్లు సరిచూశారు. శబ్దం సరిచూడ్డానికి మిక్సరు ఉంది గానీ, దాని ముందు కూర్చునే మనిషి పోస్టు ఇంకా మంజూరు కాలేదు. శేఖరే చెవి పెట్టి విని, "ఓకే, మస్తుగ వస్తుంది" అని, దుమ్ము పడుతుందని మిక్సరు మీద ప్లాస్టిక్ కవరు కప్పేశాడు. "అక్కా, మైకు తీసి ఇయ్యి. సార్‌కు పెట్టాలె."

సరిత వెనక్కి తిరిగి మైకు విప్పింది. మూలన వర్షిత ఎలుగుబంటిని చాప మీద బోర్లా పడుకోబెట్టి జోకొడుతోంది. రేపు మళ్లీ బకెట్టు. మళ్లీ ఫినాయిలు మూత. సరితకు తెలిసిందొక్కటే. ఏదైనా సరిగ్గా రాకపోతే రీటేకు. రీటేకంటే ఇంకో రోజు. మైకు తీగ చివరుండే డబ్బా వెనక చిన్న తలుపుంటుంది. గోటితో తోస్తే తెరుచుకుంటుంది. రెండు సెల్లులు ఆమె గుప్పిట్లోకి వచ్చాయి. తలుపు మూసి మైకు శేఖర్ చేతికిచ్చింది.

సరిగ్గా అప్పుడే పేషీ నుంచి ప్రసంగం వచ్చింది, చేతిరాత కాగితానికి తీసిన ఫోటోగా. ఫోటోను ప్రాంప్టర్ తీసుకోదు. రసజ్ఞ పాత జాబితాకు పైభాగంలోనే టైపు కొట్టడం మొదలుపెట్టింది. 'ప్రియమైన తల్లులారా' దాకా వచ్చిందో లేదో, మంత్రిగారు లోపలికి వచ్చేశారు.

"ఏమప్పా భాస్కరూ, నా కుడి పక్క చూపిచ్చు. ఎడమ పక్క ఎలక్షన్లకు దాచిపెట్టినా" అని మీసం దువ్వుకుని కూర్చున్నారు. డైరెక్టరుగారు, కమిటీ, పేషీవాళ్లు అందరూ అద్దాల గోడ వెనకున్న కంట్రోల్ రూములోకి పోయి తలుపు వేసుకున్నారు. శబ్దం చొరబడని తలుపు, కమిటీ ప్రత్యేకంగా ఎంచింది. ఐదుగురు పిల్లలు ఫ్రేముకు ఎక్కువయ్యారని నాగమణి వాళ్లను తీసుకుని బయట నిలబడింది. లోపల మంత్రిగారు, ముగ్గురు పిల్లలు, పిల్లలు ఏడవకుండా చూడ్డానికి సరిత. కెమెరా వెనక శేఖర్ ఉన్నాడు గానీ, అతని చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. అందులో డైరెక్టరుగారు "కుడి బుగ్గ! కుడి బుగ్గండి!" అని అరుస్తున్నారు.

ఎర్ర దీపం వెలిగింది.

మంత్రిగారికి ఒక గొప్ప గుణం ఉంది. ముందుగా చదువుకుని రారు. ఎదుట ఏది నడిస్తే అది చదువుతారు. ఇరవై ఏళ్ల ప్రజాజీవితంలో ఎన్నడూ తడబడలేదు. ఆ రోజూ అంతే. మొదట చెయ్యెత్తారు. తర్వాత పిడికిలి బిగించారు. ఒకచోట గుండె మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకున్నారు. ఇంకోచోట వర్షిత తల నిమిరారు. సరిత నోరు తెరుచుకుని వింది. పదిహేను నిమిషాలు అట్లా తెరిచే ఉంచింది.

అద్దాల గోడ వెనక కమిటీ కళ్లు తుడుచుకుంది. శాఖ ఉద్యోగులందరూ లైవ్ చూసి కామెంటు పెట్టాలని ముందురోజే ఉత్తర్వు వెళ్లింది. రెండో నిమిషానికే 'కన్నీళ్లు ఆగలేదు సార్' అని నాలుగు వేల మంది రాశారు. మియాపూర్ నుంచి ఒక రిటైర్డు మాస్టారు మాత్రం 'సౌండ్ రావటం లేదు, గమనించగలరు' అని రాశాడు. అతన్ని బ్లాక్ చేశారు.

మంత్రిగారు పేషీవాళ్లతో సహా చప్పట్ల మధ్య కారెక్కారు. మనుషులొచ్చి గోడ మీద మొదటి కుందేలును పీకారు. రీటేకు మాట ఎవరూ ఎత్తలేదు. ఈ మేడలో సెల్లులు లేకపోయినా పనులు నడుస్తాయని సరితకు ఇన్నాళ్లూ తెలియలేదు.

అరగంట తర్వాత డైరెక్టరుగారు పత్రికా ప్రకటన రాయించడానికి వీడియో పెట్టుకున్నారు. మంత్రిగారి పెదవులు కదిలాయి. మళ్లీ పెట్టారు. మళ్లీ కదిలాయి. మాట ఒక్కటీ వినబడలేదు.

"సార్ ఏం ప్రకటించారండి?" అన్నారు మెల్లగా.

"హృదయాన్ని కదిలించారండి" అంది కమిటీ.

"అది కాదండి, ఏం చెప్పారు?"

ఒక్కరికీ తెలియదు. రసజ్ఞ లాప్‌టాప్‌తో సహా ఎప్పుడో వెళ్లిపోయింది, పేషీ పంపిన ఫోటోలో 'ప్రియమైన తల్లులారా' తర్వాత చేతిరాత ఎవరికీ అంతుపట్టలేదు. మంత్రిగారినే అడిగితే సౌండు రాలేదని తెలిసిపోతుంది. అడగకపోతే రేపు పేపర్లో ఏమీ రాదు. రెండో ప్రమాదం ఇంకా పెద్దది. అప్పుడు డైరెక్టరుగారు స్టూడియోలోకి ఉరికొచ్చి, కుందేలు పీకేవాళ్లను ఆపి, జీవితంలో మొదటిసారి సరితకు కుర్చీ చూపించారు.

"కూర్చోండమ్మా. మీరు లోపలే ఉన్నారు కదా. సార్ ఏమన్నారండి?"

సరిత ఆయన మొహం చూసింది. వర్షితను చూసింది. సగం పీకిన కుందేలును చూసింది.

"గీ గది పిల్లలదే అన్నడు సార్" అంది.

డైరెక్టరుగారు రాసుకున్నారు. "ఇంకా?"

"ఎప్పటికీ పిల్లలదే అన్నడు. ఏసీలు తియ్యొద్దన్నడు. నాగమణక్కను పర్మినెంట్ చెయ్యమన్నడు. పాలు, అరటిపండ్లు రోజు ఇయ్యమన్నడు."

"ఎంత మంచి మాట! ఇంకా?"

"బొమ్మలకు సెల్లులు ఇప్పియ్యమన్నడు."

"ఏ సైజు సెల్లులండి?" అన్నారు డైరెక్టరుగారు. ఆయన ఏదీ సగంలో వదలరు.

సరిత గుప్పిట తెరిచింది. "గీ సైజు సార్."

ఆయన వంగి చూసి, జాగ్రత్తగా సైజు రాసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు అన్ని పేపర్లలోనూ వచ్చింది. 'పిల్లల గది పిల్లలకే: మంత్రి సంచలన ప్రకటన'. పొద్దున్నే మంత్రిగారు ఫోన్ చేశారు. డైరెక్టరుగారు సెట్టు దగ్గరే ఉన్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది.

"ఏమప్పా భాస్కరూ, భలే వచ్చిందే పేపర్లో! ఇంత బాగా మాట్లాడినానా నేను?"

"తమరు మాట్లాడిందేనండి. అక్షరం మార్చలేదు."

"అవునప్పా. గుండెలోనించి వచ్చింటాది. దానికే గ్యాపకం లేదు."

స్టూడియోకు కిటికీలు లేని ఇంకో గది వెతకమని, అందాకా పరికరాలు మళ్లీ ఎంచమని కమిటీకి ఆదేశాలొచ్చాయి. సముద్రం వాయిదా పడింది. జిబ్ మాత్రం ఉయ్యాలతో సహా ఇక్కడే ఉండిపోయింది. లోడ్ టెస్టు ఇంకా నడుస్తోంది.

మధ్యాహ్నం నాగమణి పిల్లలకు మూతులు తుడిచి, సరిత దగ్గరికి జరిగింది. ఎలుగుబంటి చాప మీద కూర్చుని డప్పు కొడుతోంది.

"ఏమే సరితా, నేను బయట నిలబడ్డ కద. నిజంగ గట్లనే అన్నడా సారు?"

ఉయ్యాలలో వర్షిత కళ్లు మూతలు పడుతున్నాయి. సరిత చీరను మెల్లగా ఊపుతూ, జోలపాట రాగంలో ఎత్తుకుంది.

"ప్రియమైన తల్లులారా... ట్రైపాడ్లు మూడూ... లైటు స్టాండ్లు ఎనిమిదీ... నల్లగుడ్డ నలభై గజాలూ..."

నాగమణి చెయ్యి గడ్డం కిందికి పోయింది.

"మరి పేపర్ల ఫోటో పడ్డది గద, గుండె మీద చెయ్యి ఏడ పెట్టుకున్నడే?"

"లెన్సు మూతల కాడ" అంది సరిత.

ఉయ్యాలలోంచి నిద్రమత్తులో చిన్న గొంతు వినిపించింది. "మూతయ్ పన్నెందు."